సగం హాలు కుంకుడు నీళ్లతో

ఘాటైన వాసన రాకపోతే ఇల్లు శుభ్రపడనట్టేనని మన ఊళ్లలో ఒక గట్టి నమ్మకం ఉంది. ముక్కు ఒప్పుకుంటే తప్ప కంటిని ఎవరూ నమ్మరు. ఈ నమ్మకానికి ఒకసారి ప్రొద్దుటూరులో, ఒక ఇంటి హాలులో, ఉగాదికి నాలుగు రోజుల ముందు పరీక్ష జరిగింది. పరీక్షకు కావలసిన నీళ్లు నాలోనే తయారయ్యాయి కనుక నా సాక్ష్యానికి కొంత విలువ ఉంటుందనుకుంటాను.

నేను ఒక రాగి గంగాళాన్ని. లింగాచారి అనే కంచరి నన్ను పదకొండు రోజులపాటు సుత్తితో కొట్టి ఈ ఆకారానికి తెచ్చాడు. ఆ సుత్తి గుర్తులు ఇప్పటికీ నా ఒంటి నిండా చేప పొలుసుల్లా ఉన్నాయి. యంత్రం మీద పుట్టిన పాత్రలకు ఈ భాగ్యం లేదు. తమను చేసిందెవరో వాటికి తెలియదు.

నన్ను ఈ ఇంటికి తెచ్చింది సుబ్బరత్నమ్మ. అప్పుడామె కొత్త కోడలు. ఏటా ఫాల్గుణం చివర ఇల్లు దులిపే రోజులు వచ్చేవి. ముందు బూజు కర్ర తిరిగేది, తరువాత అటక మీది సామాను పెరట్లోకి దిగేది. ముందురోజే కుంకుడుకాయలు కొట్టి, గింజలు తీసి, నాలో వేడినీళ్లు పోసి నానబెట్టేది ఆమె. తెల్లవారి చేతులతో పిసికితే లేత గోధుమరంగు నురగ నా అంచుల దాకా లేచేది. పిల్లలు దాన్ని దోసిళ్లతో ఎత్తి ఒకరి ముఖాన ఒకరు ఊదుకునేవారు, కళ్లు మండి ఏడ్చేవారు, మళ్లీ ఊదుకునేవారు. అందులో ఆమె నాలుగు వేపరెమ్మలు కూడా వేసేది, క్రిములు చస్తాయని. ఎన్ని చచ్చాయో లెక్కపెట్టినవారు నాకు తారసపడలేదు. నల్లటి కడప బండలు మాత్రం ముఖం కనిపించేంత నున్నగా తేలేవి. మిగిలిన నీళ్లు పెరట్లో కొబ్బరిచెట్టు మొదట్లోకి పోయేవి. అన్నీ అయ్యాక నిమ్మచెక్కతో, ఉప్పుతో నన్ను తోమి ఎండలో బోర్లించేవారు. ఏడాదిలో నాకు అంత హాయిగా ఉండే పూట మరొకటి లేదు.

తరువాత ఆమె కోడలు కళావతి వచ్చింది. ఆమెతోపాటు రంగురంగుల సీసాలు వచ్చాయి. నేను అటకెక్కాను. పద్దెనిమిది ఉగాదులు అక్కడే గడిచాయి. ఏటా బూజు కర్ర నా దాకా వచ్చి, అంచును తాకి, వెనక్కి పోయేది.

నన్ను కిందికి దించింది ఒక ప్రమాదం. రెండు మందులు కలిపితే పనితనం రెండింతలవుతుందని కళావతి లెక్క వేసుకుంది. స్నానాల గదిలో బ్లీచింగ్ పొడి చల్లి, దాని మీద ఆసిడ్ పోసి రుద్దమంది. రుద్దింది ఓబులమ్మ, ఇరవై రెండేళ్లుగా ఆ ఇంట్లో పనిచేస్తున్న మనిషి. రెండూ కలిసి విషపు పొగ లేచింది. క్షణాల్లో ఆమె గోడ పట్టుకొని బయటికి వచ్చి వాకిట్లో కూలబడింది.

"రొమ్ము పట్టేసింది మా. ఊపిరి ఆడల్యా."

ఆసుపత్రిలో ఒక రాత్రి ఉంచుకొని పంపారు. ఇకమీదట ఆ వాసనల దరిదాపులకు పోవద్దని డాక్టరు చెప్పాడు. కళావతి చెడ్డది కాదు. ఆసుపత్రికి తానే తీసుకుపోయింది. కానీ పండగ దగ్గరపడేసరికి అత్తతో అంది: "ఫినాయిల్ ముట్టుకోకుండా ఇల్లు ఎట్ల కడుగుతాది అత్తా? ఎదురింట్లో చేసే మనిషిని మాట్లాడినా. ఎల్లుండి వస్తాది."

ఓబులమ్మ గడపలో నిలబడి వింటోంది. "ఈ వయసులో నన్ను కొత్తగా యాడ పెట్టుకుంటారు మా?" అంది, ఎవరి ముఖమూ చూడకుండా.

సుబ్బరత్నమ్మ నన్ను దించమని, కోడలికి ఒక పందెం పెట్టింది. సగం హాలు కళావతి ఫినాయిల్‌తో కడగాలి, సగం ఓబులమ్మ కుంకుడు నీళ్లతో కడగాలి. ఓబులమ్మ సగం మురికిగా తేలితే కొత్త మనిషిని పెట్టుకోవచ్చు. ముందు కుంకుడు నీళ్ల సగం కడిగి, ఓబులమ్మ పెరట్లోకి వెళ్లాకే ఫినాయిల్ సీసా మూత తీయాలి. తీర్పు పక్కింటి ఖాసింబీది. ఆమె బట్టలు కుడుతుంది. తెలుపులో తేడాలు ఆమెకు తెలిసినంతగా ఆ వీధిలో ఎవరికీ తెలియవు. దగ్గరికి వస్తే వాసన గుట్టు విప్పుతుంది కనుక, ఆమె తన ప్రహరీ అవతలే ఉండాలి.

నేల ఆరాక ఒక పాత తెల్లపంచెను రెండుగా చింపి తడిపారు. పక్షపాతం రాకుండా ఒకరి సగాన్ని మరొకరి పక్షంవారు తుడిచారు. ఎదుటివాళ్ల మురికి వెలికితీయడంలో అత్తాకోడళ్లిద్దరూ ఒళ్లు దాచుకోలేదు. రెండు ముక్కలనూ పెరట్లో తీగ మీద ఆరేశారు.

ఖాసింబీ కళ్లద్దాలు సర్దుకొని చాలాసేపు చూసింది.

"ఏం కళావతక్కా, నాతో తమాషానా? ఒకే గుడ్డను రెండు ముక్కలు చేసి ఆరేసి తేడా చెప్పమంటాండావే!"

ఓబులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో నేనున్న చోటి నుంచి కనిపించలేదు.

కథ ఇక్కడ ఆగితే సుబ్బరత్నమ్మకు బాగుండేది. కానీ ఆమె గెలుపు మీద నమ్మకం చాలక, నేల తుడవక ముందే, నాకు మెరుపు తెచ్చే నిమ్మచెక్కలను తెచ్చి ఓబులమ్మ సగంలో గడప దగ్గరి బండ మీద రుద్ది, అక్కడే వదిలేసి అన్నానికి కూర్చుంది. రాగికి మేలు చేసేది రాతికీ చేస్తుందనుకుంది. కడప బండలో సున్నం ఉంటుంది. పులుపు దాన్ని తినేస్తుంది. తీర్పయ్యాక చెక్కలు తీసి చూస్తే నల్లబండ మీద పళ్లెమంత తెల్లటి మచ్చ.

"నా ఫినాయిల్ ఎప్పుడన్నా బండను తినిందా అత్తా?" అంది కళావతి.

సుబ్బరత్నమ్మ తీసిన చెక్కలను కొంగులో దాచుకుంది. కళావతి మచ్చను వేలితో తడిమి చూసి, చెప్పులేసుకొని ఎదురింటికి వెళ్లి వచ్చింది.

"ఆ మనిషిని రావద్దని చెప్పినా. ఓబులమ్మా, మిగతా గదులు కూడా ఆ నీళ్లతోనే కానీ. నిమ్మకాయలు మాత్రం మా అత్తకు అందకుండా పైన పెట్టు."

స్నానాల గది గోడల మీది ఉప్పునీటి చారలు కుంకుడు నీళ్లకు పోలేదు. వాటిని కళావతి కిటికీ తెరిచి, ఆసిడ్ ఒక్కదానితో తానే రుద్దుకుంది. ఇప్పటికి ఆరు ఉగాదులు గడిచాయి. బండ మీది మచ్చ అలాగే ఉంది. ఓబులమ్మ పనికి వస్తోంది.