జంట ఉద్యోగం

తెల్లారకముందే పోయిన ముసలమ్మకి ఒళ్ళు తుడిచి, తల దువ్వి, దుప్పటి కప్పి డోర్కస్ చేతులు కడుక్కుంటుంటే, గుమ్మంలోంచి ఏమోస్ తన టీ ఏదని అడిగాడు.

హాథర్బీ బీదల ఆశ్రమానికి అతను అధికారి, ఆమె ఆడవాళ్ళ వైపు చూసుకునే మేట్రన్. పదిహేనేళ్ళ కిందట పాలకమండలి వాళ్ళని జంటగా తీసుకుంది. మొగుడూ పెళ్ళాలకే ఆ ఉద్యోగం. ఒకరు లేకపోతే రెండోవారికీ లేదు. ఆ షరతంటే ఏమోస్‌కి మహా ఇష్టం. "రేపు నేను చస్తే ఎల్లుండికి నువ్వు వీధిలో ఉంటావు. ఎవరివల్ల తింటున్నావో గుర్తుంచుకో" అని భోజనాల దగ్గర అనేవాడు. ఆమె నమ్మింది కూడా. కొత్తగా వచ్చిన ఆడవాళ్ళ తలల్లో పేలు తీయించడం, పురుళ్ళు, జ్వరాలు, వంట, ఉతుకు అన్నీ ఆమెవి. అతనిది తాళాలగుత్తి. తనిఖీకొచ్చిన పెద్దలు పక్కలు ఎత్తి చూసి, ఆశ్రమాన్ని అద్దంలా ఉంచావయ్యా అని అతని భుజం తట్టేవారు. పక్కనే దుప్పట్లు మడతపెడుతున్న ఆమెకి ఒళ్ళు మండేది. మండితే మాత్రం ఎక్కడికి పోతుంది?

కిందటి వారం సముద్రపొడ్డునున్న స్కార్‌బరో నుంచి చెల్లెలు ఫీబీ ఉత్తరం రాసింది. అక్కడ షికారుకొచ్చేవాళ్ళకి గదులు అద్దెకిస్తోంది, ఒంటిచేత్తో కావడం లేదు, వచ్చి ఉండమంది. డోర్కస్ ఆ ఉత్తరాన్ని గౌను జేబులో పెట్టుకుని నాలుగు రోజులు తిరిగింది. ఇవాళ మొగుడికి టీ కలుపుతుంటే చటుక్కున తట్టింది. షరతులో మొగుడు అని లేదు. ఒకరు అని ఉంది.

గురువారం మండలి సమావేశంలో రాజీనామా కాగితం బల్లమీద పెట్టింది. భర్త అనుమతి ఏదంటారేమోనని భయపడింది. అధ్యక్షుడు లంబ్ గారు, ముసలి రైతు, కాగితాన్ని ఓసారి దగ్గరగా, ఓసారి దూరంగా పెట్టుకుని చదివాడు.

"నువ్వు మానేస్తే మీ ఆయనా వెళ్ళిపోవాలమ్మా. తెలుసా?"

"తెలుసండీ."

తలుపు దగ్గర నిలబడ్డ ఏమోస్ మొహం పాలిపోయింది. ఆవిడ పోతే పోనివ్వండి, నేనెక్కడికీ పోనుగా అన్నాడు. ఆడవాళ్ళ విభాగం ఎవరు చూసుకుంటారని లంబ్ గారు అడిగితే తాళాలగుత్తి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"ఇంకో పెళ్ళాం ఉంటే తీసుకురావయ్యా, అట్టే పెట్టుకుంటాం" అన్నాడు బల్ల చివర కూర్చున్న సభ్యుడొకడు. అందరూ నవ్వారు. డోర్కస్‌కీ నవ్వొచ్చింది. ఎన్నేళ్ళ తర్వాతో ఊపిరి హాయిగా ఆడింది.

"అదీ కుదరదండీ," అంది నెమ్మదిగా. "నేనింకా బతికే ఉన్నాను."