ట్యాంకు కొత్తలు

ఏన్కూరు దాటి అడవిలోకి పోయే దారిలో ఉన్న ఆ గూడెంలో నీళ్ల ట్యాంకు కట్టడం పూర్తయి రెండు నెలలైంది. రంగులేశారు, నాయకుడి పేరు చెక్కిన రాయికి ముసుగేశారు, మొన్న బోరు మోటారు పెట్టి నింపారు కూడా. వాల్వుకు మాత్రం తాళం. ప్రారంభోత్సవానికి నాయకుడు ఇవాళ వస్తాడు, రేపు వస్తాడు. ఆ మహానుభావుడికి తీరిక దొరికితేగా!

జనం ఊరుకున్నది నోరు లేక కాదు. మామిడి కొత్తల పండుగ చేసి చనిపోయిన పెద్దలకు పెట్టందే రాలిన పండైనా నోట పెట్టని మనుషులు వాళ్లు. ప్రారంభోత్సవమూ అలాంటిదే కాబోలనుకుని, మర్యాదగా వాగు ఇసుకలో చెలమలు తవ్వుకుని ఆ మురికినీళ్లే తాగారు.

నాగక్క కూడా అలాగే అనుకుంది, మనవరాలు భవానికి నెలలో మూడోసారి వాంతులూ విరేచనాలూ పట్టుకునేదాకా. చెలమ నీళ్లు మళ్లీ తాగిస్తే పిల్ల దక్కదని దవాఖానాలో డాక్టరమ్మ తెగేసి చెప్పింది. ఆ పొద్దున ఇంటికి తెచ్చి పడుకోబెట్టగానే పిల్ల నీళ్లడిగింది. నాగక్క గొడ్డలి తీసుకుని ట్యాంకు దగ్గరికి నడిచింది.

ఊరి పూజారి లచ్చయ్య ఆమెకు బావ వరస. అడ్డం వచ్చాడు.

"కొత్తలు గాకముందే ముట్టుకుంటవా నాగక్కా? తప్పు గదా?"

"మామిడి కొత్తలు ఎవలు చేస్తరు బావా?"

"మనమే. తినేటోళ్లం మనమే గదా."

"మరి ఈ నీళ్లు తాగేదెవలు? సీసా నీళ్లు తాగేటోడు వచ్చి మనకు కొత్తలు చేసుడేంది? చెయ్యాల్సింది నువ్వు. పో, కోడిని పట్టుకరా."

లచ్చయ్య ముసుగేసిన రాయిని కాసేపు చూశాడు. ఇంటికి పోయి కోడిని తెచ్చాడు. పెద్దల పేర్లు తలిచి కోశాడు. నాగక్క రెండు దెబ్బల్లో తాళం పగలగొట్టి వాల్వు తిప్పింది. నల్లా బుసకొట్టి నీళ్లు వదిలింది. మొదటి చెంబు నేలకు పోసి, రెండో చెంబు భవాని కోసం కోడలి చేతికిచ్చింది. బిందెలు వరస కట్టాయి.

అప్పుడే బండి మీద దిగబడ్డాడు కాంట్రాక్టరు దగ్గరి సూపర్‌వైజర్ రవీందర్.

"ఎవలు తియ్యమన్నరు? ఇంకా ప్రారంభం గాలే! సోమవారం సార్ వస్తుండు. జల్దీ బంద్ చెయ్, లేకుంటే కేసైతది!"

నాగక్క నల్లాకు అడ్డంగా నిలబడింది.

"పెట్టుకో బిడ్డా. నా పేరు నాగక్క, మంచిగ రాసుకో. సార్‌ను గూడ రమ్మను. మా కొత్తలైపోయినయ్. ఇగ చుట్టాలెవలొచ్చినా తాగొచ్చు."