సర్దాలి లోపల సర్దాలి

వాళ్లింట్లో కంప్యూటర్ తెరిచి చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. అంత శుభ్రం. హోమ్ ఫోల్డర్‌లో ఉండేది ఒకే ఒక్క ఫోల్డర్, దాని పేరు ‘సర్దాలి’. ప్రతి ఆదివారం ఆయన తలకు తువ్వాలు చుట్టుకుని కూర్చుంటాడు. కొత్తగా ‘సర్దాలి’ అని ఒకటి తెరిచి, ఆ వారం పోగుపడిన ఫొటోలూ, రసీదులూ, ఎవరెవరో పంపిన పాటలూ అన్నీ అందులోకి తోసేస్తాడు. ఆ పోగులో పోయిన వారం ‘సర్దాలి’ కూడా ఉంటుంది. తోసేశాక, “చూడవే, అద్దంలా ఉంది” అని భార్యను పిలిచి మరీ చూపిస్తాడు.

ఆ శుక్రవారం పదిన్నరకి క్రెష్ మేడమ్ ఫోన్ చేసింది.

“పాప పుట్టినప్పుడు ఆసుపత్రిలో ఇచ్చిన చీటీ పన్నెండింటిలోగా పంపమ్మా. లేదంటే సీటు వేరేవాళ్లకి ఇచ్చేస్తా.”

ఫోనెత్తిన భార్య గడియారం చూసింది. సోమవారం కుట్టు ఫ్యాక్టరీలో చేరాలి. పాపను చూసేవాళ్లు లేకపోతే ఆ పని దక్కదు. అత్తగారికి మోకాళ్ల నొప్పులు, పాకే పిల్ల వెంట పడలేదు. ఇక ఆ చీటీ సంగతంటారా, మొన్ననే పాప నమిలి మింగేసింది. సిరా ఏమైనా చేస్తుందేమోనని ఆమె రెండు రోజులుగా పిల్ల నాలుక చూస్తూనే ఉంది.

భర్తకి ఫోన్ చేస్తే, “కంగారెందుకు? ఫొటో తీసి పెట్టానుగా. సర్దాలిలో ఉంది” అన్నాడు.

“ఏ సర్దాలిలో అండీ?”

“దిగుతూ వెళ్లు. పాప పుట్టిన వారం రాగానే ఆగు.”

పాపకిప్పుడు పది నెలలు. ఆమె వేళ్ల మీద లెక్కేసి నీరసపడిపోయింది. అత్తగారు మాత్రం దారపు ఉండ పట్టుకొచ్చి పక్కన కూర్చుంది.

“నువ్వు దిగుతుండు, ఒక్కోదానికీ ఒక్కో ముడి వేస్తా. దారి తప్పావనుకో, ఇది పట్టుకుని వచ్చెయ్.”

నాలుగో సర్దాలిలో పాప గోడ పట్టుకుని నిలబడింది. తొమ్మిదో దాంట్లో పాకుతోంది. పన్నెండో దాంట్లో ఆయన రాసి పెట్టిన చిన్న ఫైలు కనబడింది. “ఫ్యాన్ వారంటీ కోసం ఇంతవరకు వచ్చాను. దొరకలేదు. వెనక్కి పోతున్నాను.”

“నా తండ్రే, ఇంత దూరం ఒక్కడే వచ్చాడా!” అత్తగారు కళ్లొత్తుకుంది.

ఇరవై దాటాక ఆవిడ శాలువా కప్పుకుంది. “ఇక్కడ చలిగా ఉందే.” నిజమే, ఆమెకూ కాళ్లు చల్లబడ్డాయి. ఇరవై నాలుగు వచ్చేసరికి పాప బోర్లాపడటం కూడా మరిచిపోయింది. ఇరవై తొమ్మిదో దాంట్లో ఇంకో ఫైలు: “ఊపిరాడట్లేదు. ఎవరూ ఇంకా కిందికి దిగకండి. నా భార్యను జాగ్రత్తగా చూసుకోండి.”

“వీడి తెలివి తెల్లారినట్టే ఉంది. నిన్ను దింపింది వాడేగా!” అంది అత్తగారు.

ముప్పయ్యో సర్దాలి తెరుచుకోలేదు. దారి మరీ పొడుగైపోయింది, ఇక నావల్ల కాదంది కంప్యూటర్. మళ్లీ ఫోన్.

“నేనూ అక్కడే ఆగిపోయా. ఆదివారం సర్దుతాలే” అన్నాడాయన.

“సర్దడమంటే దీని మీద ఇంకోటి పెట్టడమేగా!” అని ఠక్కున పెట్టేసింది. పదకొండు ముప్పై అయిదు.

కింద పాప ఒకదాంట్లో ఒకటి అమర్చిన గిన్నెలతో ఆడుకుంటోంది. పైగిన్నె జోలికి పోకుండా లోపలి గిన్నెను పెకలించి నేల మీద విసిరింది. విసిరి, ఇక చూసుకోమన్నట్టు అమ్మవైపు చూసింది.

ఆమె ముప్పయ్యో సర్దాలిని మౌస్‌తో పట్టుకుని, ఈడ్చుకొచ్చి, అద్దంలాంటి హోమ్ ఫోల్డర్ నడిమధ్యలో పడేసింది.

“అత్తయ్యా, ముళ్లు విప్పేయండి! ఇప్పుడిదే ఒకటి!”

ఈసారి గబగబా దిగింది. పన్నెండు, పదమూడు, పద్నాలుగు. పాప కనబడలేదు.

“దాటిపోయావే, అది నీ కడుపు! ఒకటి పైకి రా!”

పైకొచ్చింది. పొత్తిళ్లలో ఎర్రటి మొహం, పక్కనే చీటీ. పదకొండు యాభై రెండుకి పంపింది. మేడమ్ వెంటనే ఫోన్ చేసింది.

“అందిందమ్మా, సీటు మీ పాపదే.” మేడమ్ ఇంకా చెబుతూనే ఉంది. “మా కంప్యూటర్లో దాచేస్తాలే. నాకు చెత్తంటే పడదు. అన్నీ ఒకే ఫోల్డర్లో వేసి, ప్రతి ఆదివారం—”

“మేడమ్! ఏమీ ముట్టుకోకండి, వస్తున్నా!”

పాపను చంకనేసుకుని చెప్పులైనా లేకుండా వీధిలో పడింది. దారం కాలికి చుట్టుకుని వెంటే వస్తోంది. రెండో కొస పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ అత్తగారు కేకేసింది.

“నువ్వెళ్లు! నేను వదలను!”