పిన్ని వాడే మాట

పిన్నికి ఒక ఇంగ్లీషు మాట దొరికింది. కాలేజీలో సోషియాలజీ చెప్పే మనిషికి మాటలు దొరకడం వింత కాదు. కానీ దీన్ని పట్టుకున్నాక ఆవిడ ఇక వదల్లేదు. ఎమోషనల్ లేబర్. పనిమనిషికి గిన్నెలు ఎలా తోమాలో చెప్పడం ఎమోషనల్ లేబర్. బాబాయి గురక భరించడం ఎమోషనల్ లేబర్. కర్టెన్లు ఏ రంగువి కొనాలా అని మూడు దుకాణాలు తిరగడం కూడా అదే. ఒకరోజు ఎవరికో ఫోన్‌లో పుట్టినరోజు శుభాకాంక్షలు పంపి, ఫోన్ సోఫా మీద పడేసి, "ఎంత లేబరే తల్లీ!" అని కళ్ళు మూసుకుంది. పాపం అనాలి. నాకు అనబుద్ధి కాలేదు.

నేను మా ఊరి బడిలో పదో తరగతి పరీక్షలు రాసి, సెలవులకు అమ్మ దగ్గరకు వచ్చాను. అమ్మ పిన్ని వాళ్ళ మేడ మీది గదిలో ఉంటూ, డ్రైక్లీనింగ్ షాపులో కౌంటరు చూస్తుంది. పిన్ని నాకు "నోట్లో నాలుక లేనిది" అని పేరు పెట్టింది. నాలుక లేనివాళ్ళ ముందు మనుషులు ఏదైనా మాట్లాడతారు, ఏదైనా చేస్తారు. అందుకని నాకు చాలా సంగతులు తెలుసు.

ఒక మధ్యాహ్నం పిన్ని ఇంట్లో లేనప్పుడు ఆవిడ బీరువాలోంచి లావుపాటి సోషియాలజీ డిక్షనరీ తీసి ఆ మాట వెతికాను. నా ఇంగ్లీషుతో నాలుగు వాక్యాలకు అరగంట పట్టింది. తేలిన అర్థం ఇది. జీతం ఇచ్చేవాడు చెప్పినట్టు మనిషి తన మనసునో, కనీసం ముఖాన్నో మార్చుకోవాలి. దాన్ని చూసి ఎదుటివాడికి హాయిగానో, ధైర్యంగానో, ఒక్కోసారి భయంగానో అనిపించాలి. ఉద్యోగంలో అదీ ఒక భాగం. విమానాల్లో నవ్వుతూ నిలబడేవాళ్ళను ఉదాహరణగా ఇచ్చారు. కర్టెన్ల సంగతి ఎక్కడా లేదు. గురక సంగతీ లేదు. పేజీ మాత్రం ఎవరూ తిప్పనట్టు పెళపెళలాడుతోంది.

ఆ అర్థం ప్రకారం చూస్తే ఆ ఇంట్లో ఆ పని చేసేది అమ్మ ఒక్కతే. షాపు కౌంటరుకు లోపలివైపు, వచ్చినవాళ్ళకు కనబడకుండా, యజమాని ఒక అద్దం అంటించాడు. ఎవరైనా లోపలికి రాగానే అమ్మ అందులో చూసుకుని నవ్వు సరిచేసుకోవాలి. పక్కనే మేకుకు ఫిర్యాదుల పుస్తకం వేలాడుతూ ఉంటుంది. ఏడాదిలో మూడు ఫిర్యాదులు వస్తే ఉద్యోగం పోతుంది. అమ్మకు అప్పటికే రెండు వచ్చాయి. మొదటిది ఎవరిదో చొక్కా గుండీ ఊడినందుకు. రెండోది, పన్ను పీకించుకుని పనికి వెళ్ళిన రోజు, "ముఖం ముడుచుకుని మాట్లాడింది" అని.

ఒక సాయంత్రం పిన్ని మేడ ఎక్కి వచ్చింది. మామూలుగా ఆవిడ పైకి రాదు, మమ్మల్నే కిందికి పిలుస్తుంది.

"అక్కా, రేపు మీ షాపుకొస్తున్నా. మా కాలేజీ పెద్ద మేడమ్‌ని కూడా తీసుకొస్తా. ఎమోషనల్ లేబర్ మీద నా పరిశోధన చూస్తానంది."

"రావే, దానికేం."

"అట్లా కాదు. నేనెవరో తెలీనట్టుండాలి. నిన్ను కాస్త గట్టిగా అంటాను. నువ్వు లోపల బాధపడుతూ పైకి నవ్వుతుంటే ఆవిడ చూడాలి."

అమ్మ దుప్పటి మడతపెడుతూ ఆగిపోయింది. "రోజూ తిట్టేవాళ్ళు తిడుతూనే ఉన్నారు. మధ్యలో నువ్వెందుకే?"

"వాళ్ళెప్పుడు తిడతారో ఎవరికి తెలుసు? మేడమ్‌కి అంత టైముండదక్కా."

"అక్కనని చెప్తే ఏం పోయింది?"

పిన్ని నీళ్ళు నమిలింది. "చెప్తే... పరిశోధన పాడైపోతుంది."

"మరి మా ఓనరుంటే? నాకింక ఒక్కటొస్తే ఇంటికే."

"మధ్యాహ్నం ఉండడన్నావుగా! ఉన్నా నేను చెప్తాలే, ఉత్తుత్తిదేనండీ అని. నా మీద ఆ మాత్రం నమ్మకం లేదా?"

అమ్మ నమ్మింది. చెల్లెలు కదా.

మర్నాడు పొద్దున పిన్ని తన ఊదారంగు కోటు తీసింది. రెండు రోజుల కిందట అమ్మే శుభ్రం చేయించి తెచ్చిన కోటు. దాని చేతి మీద పెన్ను విదిలించి, సిరా బాగా ఇంకేదాకా వేలితో రుద్దింది. గుమ్మంలో నన్ను చూసి, "ఏంటే అట్లా చూస్తావ్? దీన్ని మెథడ్ అంటారు," అంది.

మధ్యాహ్నం నేను షాపులో తెర వెనక కూర్చుని, ఉతకాల్సిన బట్టల కాలర్లకు నంబరు చీటీలు గుచ్చుతున్నాను. ఆవిరి ఇస్త్రీ మెషిను పాడైందని యజమాని ఇంటికి వెళ్ళకుండా మెకానిక్కు నెత్తిమీద నిలబడి ఉన్నాడు. పిన్నీ, పెద్ద మేడమూ అప్పుడే వచ్చారు.

"కళ్ళున్నాయా లేవా?" పిన్ని కోటును కౌంటరు మీద విసిరికొట్టింది. "దీన్ని క్లీనింగ్ అంటారా?"

"క్షమించండి మేడమ్. మళ్ళీ చేసిస్తాం."

"నవ్వుతావేం? నేనేమన్నా జోకు చెప్పానా? నీలాంటివాళ్ళను కౌంటర్లో పెట్టినవాణ్ణనాలి!"

కాస్త గట్టిగా అంటానన్న మనిషి ఇంత బాగా అనగలదని నాకు తెలియదు. అది నటన గొంతు కాదు. చాలా ఏళ్ళుగా లోపల మాగిన గొంతు. అమ్మ నవ్వు చెదరలేదు, చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. పెద్ద మేడమ్ అమ్మ ముఖంలోకి వంగి చూసి "ఫెంటాస్టిక్" అంది, ఎగ్జిబిషన్‌లో బొమ్మను చూసినట్టు.

అరుపులకు యజమాని బయటికి వచ్చాడు. మేకునుంచి పుస్తకం తీసి పిన్ని ముందు పెట్టాడు. "ఇందులో రాయండి మేడమ్. మిగతాది నేను చూసుకుంటాను."

అమ్మ పిన్నిని చూసింది. పిన్ని పెద్ద మేడమ్‌ను చూసింది. ఉత్తుత్తిదేనండీ. ఆ ఒక్క మాట చాలు. రోజుకు నాలుగు గంటలు పాఠాలు చెప్పే నోటికి ఆ ఒక్క మాట బరువైంది. పిన్ని పెన్ను తీసి, గుండ్రటి అక్షరాలతో, తప్పుల్లేకుండా ఫిర్యాదు రాయడం మొదలుపెట్టింది.

నేను బడిలో హాజరు పిలిచినా నోరు తెరవకుండా చెయ్యెత్తేదాన్ని. తెర ఎప్పుడు జరిపానో తెలియదు.

"పిన్నీ, అమ్మకిది మూడోది."

పెన్ను ఆగింది.

"పిన్నా?" పెద్ద మేడమ్ మా ముగ్గురినీ మార్చి మార్చి చూసింది. "ఎవరు ఎవరికి పిన్ని?"

యజమాని అమ్మ వైపు తిరిగాడు. "ఈవిడ మీ చెల్లెలా?"

"అవునండీ."

"వరసకా, సొంతమా?"

"తోడబుట్టిందేనండీ."

"మరి ఆ మరక?"

"పొద్దున పూసింది," అన్నాను. అప్పటికి నాకు కాస్త అలవాటైంది.

యజమాని ఆ కాగితం పర్రున చింపాడు. "అక్కచెల్లెళ్ళ తగాదాలకు నా పుస్తకమే దొరికిందా? మీ ఇంట్లో గోడలు లేవా రాసుకోడానికి?" అని గొణుక్కుంటూ మెషిను దగ్గరకు వెళ్ళిపోయాడు. అమ్మ ఒక్కసారి గట్టిగా ఊపిరి వదిలింది.

"ఏదో తోచిన షాపులో దూరామన్నారే?" అంది పెద్ద మేడమ్.

"అంటే మేడమ్, ఒక రకంగా చూస్తే..."

"మీరుండండి. మీకిక్కడ చుట్టాలున్నారుగా." ఆవిడ హ్యాండ్‌బ్యాగు భుజానికి తగిలించుకుని మెట్లు దిగిపోయింది.

పిన్నికి ఇక అరవడానికి నేనే మిగిలాను. "మిమ్మల్నందర్నీ మోయడం నాకెంత ఎమోషనల్ లేబరో తెలుసటే నీకు?"

నేను డిక్షనరీలో చదివిందంతా అక్కడే అప్పజెప్పేదాన్ని. కానీ అమ్మ కోటును ముందుకు లాక్కుంది. మడత పెట్టింది, నంబరు చీటీ గుచ్చింది, టోకెన్ చింపి పిన్ని ముందుకు జరిపింది. ముఖంలో నవ్వు లేదు, కోపమూ లేదు.

"గురువారం రండి మేడమ్."

"అక్కా!"

"కాస్త పక్కకు జరగండి," అంది అమ్మ. "వెనక వాళ్ళు నిలబడి ఉన్నారు."