ఉప్పు తినని ధర్మాసనం

ఈ ఉదయం దేశంలోకెల్లా పెద్ద కోర్టు హైమవతి ఇంటి హాల్లో కూర్చుంటుంది. ఐదుగురు జడ్జీలు నల్లగౌన్లు సర్దుకుని, భోజనాల బల్ల దగ్గరి కుర్చీలను గోడవారగా వేయించుకుంటారు. వాళ్ల హోదాకు చాలదని హాలు తనంతట తానే వీధి చివరిదాకా సాగుతుంది. హైమవతికి ఒకటే విచారం, అంత పొడుగునా తడిగుడ్డ పెట్టలేదని.

జిల్లా కోర్టు ఇదివరకే పెరట్లో బట్టల తీగ కింద కూర్చుని లేచిపోయింది. దాని పై కోర్టు డాబా మీద కూర్చుంది. రెండుచోట్లా హైమవతి భర్త విశ్వపతే గెలిచాడు. ఇక ఇదే ఆఖరు. దీనిపైన కోర్టు లేదు, సీలింగు ఫ్యానే ఉంది.

దావా పెరటివైపు గది గురించి. ఆ గది తన కూతురిదని మామగారు పోయేముందు నోటిమాటగా అన్నారు. ఆ కూతురు సుభాషిణి, విశ్వపతికి చెల్లెలు. భర్త పోయాక అద్దె కొంపలు మారి మారి, తండ్రి మాట ఒక్కటే పట్టుకుని ఇక్కడిదాకా వచ్చింది. గదిలో ఇప్పుడు హైమవతి ఊరగాయ జాడీలూ పాత పరుపులూ ఉంటాయి. సుభాషిణి గుమ్మం పక్కన నిలబడి ఉంది.

కోర్టు బిళ్లబంట్రోతు వంటింట్లోకి తొంగిచూస్తాడు.

"అమ్మగారూ, వాళ్లకి మంచినీళ్లు తప్ప ఏమీ ఇవ్వకండి. ఏ ఇంటి గొడవ వింటున్నారో ఆ ఇంటి ఉప్పు తినకూడదు. తింటే ఆ జడ్జీగారు తప్పుకోవాలండి."

"ఇంటికొచ్చినవాళ్లకి ఉత్త నీళ్లా?"

"ఉత్త నీళ్లేనమ్మా. నీళ్లకి చుట్టరికం ఉండదు."

హాల్లో పెద్ద జడ్జి సుభాషిణి మాటలు వింటూ తల ఊపుతున్నాడు. మధ్యలో దగ్గుతాడు. దగ్గు ఎండుటాకులా రాలి నేలమీద పడుతుంది. విశ్వపతి పేపరు చాటునుంచి అంటాడు: "ఏమేవ్, పెద్దాయన గొంతు ఆరిపోతోంది. ఇన్ని మజ్జిగ ఇవ్వకపోతే మన పరువేం కాను?"

హైమవతి మజ్జిగ చిలికి, అల్లం దంచి వేసి, ఉప్పు సరిచూసి ఇస్తుంది. దాహమన్నవాళ్లకి ఇంకెలా ఇవ్వాలో ఆమెకు తెలీదు. పెద్ద జడ్జి గటగటా తాగి మూతి తుడుచుకుంటాడు. తుడుచుకుంటుండగానే ఆయన ముక్కు వంపు తిరిగి విశ్వపతి ఇంటివాళ్ల చిలకముక్కవుతుంది.

"ఈ కేసు నేను వినకూడదు," అని మిగతావాళ్లతో అని, ఆయన గౌను విప్పి టీవీ మీద పెడతాడు. తరవాత హైమవతి వైపు తిరుగుతాడు. "ఏమ్మాయ్, నడుం వాల్చడానికి చోటుందా?"

"పెరటి గదిలో పరుపుంది బాబాయిగారూ," అంటుంది హైమవతి. ఆయన వెళ్లి పడుకుంటాడు. మిగిలిన నలుగురూ కుర్చీలు దగ్గరికి జరుపుకుంటారు, ఆశ్చర్యపోరు.

గ్లాసు కడుగుతూ హైమవతి ఆలోచిస్తుంది. ఇందాకటిదాకా ఆయన సుభాషిణి వైపు మొగ్గుతున్నాడు. ఇప్పుడు గురక పెడుతున్నాడు. గ్లాసెడు మజ్జిగకి ఒక తీర్పు నిద్రపోయింది.

ఆమె గ్లాసు బోర్లించి, చేగోడీల డబ్బా దించుతుంది. ఈసారి ఎవరూ అడగలేదు.

చేగోడీలకి ఇద్దరు జడ్జీలు ఒకేసారి చుట్టాలవుతారు. ఒకాయన పెదనాన్న వరస, ఇంకొకాయన బావగారి వరస. బావగారు వెళుతూ వెళుతూ "నాలుగు పొట్లం కట్టు తల్లీ, దారిలోకి," అంటాడు. దారి ఎంతో కాదు, పెరటి గది వరకే.

నాలుగో ఆయన గట్టి మనిషి. "నా సర్వీసులో ఎవరింటా చేయి కడగలేదు," అంటాడు గోడవైపు చూస్తూ. హైమవతి వేడన్నంలో కొత్తావకాయ కలిపి, నెయ్యి వేసి, ముద్ద పళ్లెంలో పెట్టి ఆయన పక్కన ఊరికే నిలబడుతుంది. ఆమె చెవులు కాలుతుంటాయి. గుమ్మం వైపు చూడకుండా ఉండడానికి ఫ్యాను రెక్కలవంక చూస్తుంది. ఆయన మొదట కళ్లు మూసుకుంటాడు, తరవాత నోరు తెరుస్తాడు.

పెరటి గది నలుగురికీ సరిపోవడానికి పెరుగుతుంది. అక్కణ్ణుంచి పేకలు కలుపుతున్న చప్పుడు.

ఐదో జడ్జి ఆడమనిషి, జుట్టు నెరిసి, చెప్పులు తీసి పక్కన జాగ్రత్తగా పెట్టుకుంది. ఆమె పళ్లెం వంక చూడదు.

"మంచినీళ్లు చాలమ్మా," అంటుంది. తాగి, ఖాళీ కుర్చీలు చూస్తుంది. "ఒక్కదాన్నే కూర్చుంటే ఇది ధర్మాసనం కాదు, వట్టి కుర్చీ. కనీసం ఇంకొకరుండాలి. ఈ ఇంట్లో ఈ ఇంటి ఉప్పు తినని మనిషి ఎవరైనా ఉన్నారా?"

సుభాషిణి చెయ్యెత్తుతుంది.

"మా నాన్న పోయాక నన్నిక్కడ ఎవరూ తినమనలేదండి."

"ఏం మాటలే అవి!" అంటుంది విశ్వపతి పేపరు. విశ్వపతి దాని వెనక లేడు. గదిలో పేకాటకి వెళ్లాడు.

"మీ దావాకి మీరే తీర్పరి కాకూడదమ్మా."

"తెలుసండి. తిననివాళ్లెవరని అడిగారు, చెప్పాను."

హైమవతి వంటింట్లోకి పరిగెడుతుంది. గిన్నెలో అడుగున మిగిలిన అన్నమంతా పెట్టి, పప్పు వేసి, పళ్లెం తెచ్చి ఆడపడుచు ముందు నిలబడుతుంది.

"తిను సుభా. నీ పుణ్యముంటుంది, తిను."

సుభాషిణి పళ్లెం వంక చూస్తుంది. ఆకలితోనే చూస్తుంది.

"ఇప్పుడు తింటే నేనూ చుట్టాన్నైపోతాను వదినా. చుట్టాలకి కేసుండదు. వెళ్లి వాళ్ల పక్కన చాప వేసుకోవాలి. నా గదిలో నేను చుట్టపుచూపుగా పడుకోవాలి."

జడ్జి అడుగుతుంది: "వాళ్లకి ఏ మనసుతో వడ్డించావమ్మా?"

"మొదటి గ్లాసు దాహానికిచ్చాను," అంటుంది హైమవతి. "తక్కినవి గెలవడానికి పెట్టాను. ఉప్పు చూసి మరీ పెట్టాను."

పళ్లెం కిందపెట్టి రెండు చేతులతో మొహం కప్పుకుంటుంది. చేతులు తీసేసరికి మొహం అరచేతుల్లోకి వచ్చేస్తుంది, పెనం మీంచి తీసిన రొట్టెలా వెచ్చగా. రక్తం లేదు, నొప్పి లేదు. దాన్ని ఎవరికివ్వాలో తెలియక జడ్జికే ఇస్తుంది.

జడ్జి దాన్ని పక్క కుర్చీలో నిలబెట్టి, నుదుటిమీది బొట్టు సరిచేస్తుంది.

"ఇప్పుడు ఇద్దరం."

"అది ఈ ఇంటి ఉప్పు తిన్నదే కదండీ," అంటుంది సుభాషిణి. న్యాయం న్యాయమే.

"తిన్నది కడుపు. సిగ్గుపడ్డ మొహానికి చుట్టాలుండరు."

కుర్చీలోంచి హైమవతి కళ్లు తెరుస్తుంది. ఇక్కణ్ణుంచి హాలంతా కనిపిస్తుంది. కొంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడ్డ, మొహం లేని ఒక ఇల్లాలు కనిపిస్తుంది. ఆవిడ పాదాల దగ్గర చల్లారుతున్న అన్నం కనిపిస్తుంది. చెప్పవలసిన మాట చిన్నదే. ఆ మాట బయటికి రావడానికి పెదవులు రెండుసార్లు కదలాలి.

"గది సుభాషిణిది."

పెరట్లో పేకల చప్పుడు ఆగుతుంది. జాడీలు ఒకదానికొకటి తగిలి మోగుతాయి. గది లేస్తుంది. ముందుకాళ్ల మీద ముందు, తరవాత వెనకకాళ్ల మీద. నిద్రపోతున్న బాబాయిగారినీ, పెదనాన్ననూ, బావగారినీ, గట్టి మనిషినీ, చేతిలో ఆసు పట్టుకున్న విశ్వపతినీ గడప మీంచి మెల్లగా కిందికి జార్చుతుంది. సున్నం రాల్చుకుంటూ వంటింట్లోంచి హాల్లోకి వస్తుంది.

మొహం లేని ఇల్లాలి దగ్గర ఆగి, కిటికీతో ఆవిడ చేతుల్ని వాసన చూస్తుంది. గుర్తుపట్టదు. పక్కకి తప్పుకుని వెళ్లి, సుభాషిణి కాళ్ల దగ్గర మోకాళ్లు మడిచి పడుకుని, తలుపు తెరిచి, వెచ్చటి నాలుకతో ఆమె అరికాళ్లు నాకడం మొదలుపెడుతుంది.