ఎండు చేపల పొయ్యి

యల్లమ్మ తెచ్చిన బీడీల బుట్టను, మాల్ తనిఖీ చేసే చెకర్ అభిజిత్ బల్ల మీద బోర్లించాడు. ఒక బీడీని ముక్కు దగ్గర పెట్టుకుని మొహం చిట్లించాడు.

“ఎండు శాపల వాస! పూరా మాల్ ఖరాబ్. నేనిచ్చిన ఆకు గాదిది. ఎవరిది?”

యల్లమ్మ ఒక్కసారి నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను.

ఆ ఆకు నాది. ముందురోజు ఆమెకు ఆకు తక్కువపడితే ఆకు ఎండకుండా చుట్టిపెట్టే నా తడిగోనెలోంచి రెండు దోసిళ్లు తీసిచ్చాను. బీడీలు చుట్టే ఆడవాళ్లం అలా ఇచ్చిపుచ్చుకుంటూనే ఉంటాం. అంతకుముందు అదే గోనెలో బజారు నుంచి ఎండు చేపలు చుట్టి తెచ్చాను. ఉతకలేదు. ఆ సంగతి గుర్తుండీ నోరు మెదపలేదు. నా పింఛనుకు ఇంకా ఏడాదే ఉందని నా భయం. యల్లమ్మ కూడా నా పేరు చెప్పలేదు. ఇప్పుడు ఆ పొయ్యి కథ అడగడానికొచ్చే కాలేజీ పిల్లలు నన్ను ధైర్యవంతురాలంటే సిగ్గేస్తుంది. ఆ రోజు నేను చేసింది ద్రోహం.

అభిజిత్ ఆమె బీడీ కార్డు లాక్కున్నాడు. కార్డు లేకపోతే పని లేదు. పైగా, ఇకనుంచి ఎండు చేపలు వండే ఇళ్లకు ఆకు ఇవ్వనని అరిచాడు.

మా బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో ఎండు చేపలు వండని ఇల్లేది? నాలుగు చేపలు పెనం మీద వేయించి చింతపులుసులో వేస్తే, ఇంటిల్లిపాదికీ జొన్నరొట్టె గొంతు దిగుతుంది. మా తిండే మా నేరమైంది.

సాయంత్రం సంఘం పెద్ద యమునాబాయి వాకిట్లో నలభైమందిమి కూడాం. మాఫీ అడుగుదామని కొందరన్నారు.

“దేనికి మాఫీ? తిన్నందుకా?” మయూరి లేచింది. అందరిలోకీ చిన్నది అదే. “ఖరాబని తీసేసిన బీడీలు ఎన్నడన్న చెత్తల చూసినమా? అవి గూడ అమ్ముకుంటడు వాడు!”

అప్పుడు నేను లేచాను.

“ఆ ఆకు నాదే. శాపల గోనె నాదే. చెప్పకుండ నిలవడ్డ.”

“నాకెర్కనే,” అంది యల్లమ్మ. “నువ్వే చెప్తవని చూసిన, సరోజా.”

తిట్టినా బాగుండేది.

“ఏడ్పులు తర్వాత,” అంది యమునాబాయి. “వాసనకు భయపడేటోనికి వాసననే చూపిద్దాం.”

తెల్లవారి ఒక్క బుట్టా అప్పగించలేదు. బీడీ కార్ఖానా గుమ్మం ఎదుట మూడు రాళ్లు పెట్టి పొయ్యి రాజేశాం. ఎండు చేపలు వేగుతుంటే ఆ పొగంతా లోపల ఆరబెట్టిన బీడీల మీదికి పోయింది. అభిజిత్ పరుగెత్తుకొచ్చాడు.

“అరే, బంద్ కరా! మాల్ అంత పోతది!”

“కార్డియ్యి, దించుతం!” నలభై గొంతులు ఒక్కసారే లేచాయి.

కార్డు రాలేదు, పోలీసు వ్యాను వచ్చింది.

“చూల్ కోణాచీ?” పొయ్యి ఎవరిదని ఎస్సై గద్దించాడు.

ఈసారి తల దించలేదు. “నాది,” అన్నాను.

“శాపలు నావి,” అంది యల్లమ్మ. చింతపండు నాదంటూ యమునాబాయి, కారం నాదంటూ మయూరి ముందుకొచ్చారు. పదిమందికే వ్యాను నిండిపోయింది. మిగతావాళ్లు పొయ్యి చుట్టూ కూర్చుని ఇంకో పెనం ఎక్కించారు.

వ్యానులో యల్లమ్మ నా ఎదురుగా కూర్చుంది. వ్యాను అశోక్ చౌక్ దాటాక నా వైపు వంగింది.

“గోనె ఉతికినవా?” అంది.

“లే.”

“ఉతకకు. రేపు మళ్ల పనుంది దానితోని.”