సాంబమూర్తి గారి ఇంగ్లిష్ బిరుదు

మా ఆడబిడ్డ సుభాషిణిని పోయినసారి బ్యాంకు పరీక్షలో లెక్కలు గట్టెక్కించాయి, ఇంగ్లిష్ నిండా ముంచింది. కష్టమైన మాటలు ఎంత బట్టీపట్టినా తెల్లారేసరికి మాయం. దాంతో ఈసారి కొత్త పద్ధతి మొదలుపెట్టింది. ఒక్కో మాటను మా కాశిబుగ్గ గల్లీలో ఒక్కో మనిషికి అంటగట్టింది. నోరు మూతపడని మొగిలమ్మత్త ‘గారులస్’. ఎండ నడినెత్తికొచ్చినా మంచం దిగని కృష్ణమోహన్ ‘లెథార్జిక్’. నాకేం పెట్టావే అంటే నవ్వి తప్పించుకుంది, దొంగపిల్ల.

మా ఇంట్లో పవర్‌లూమ్ ఆడుతుంటే పక్కనున్న మనిషి మాటే వినపడదు, ఇక చదువెక్కడ? అందుకే ఎదురింటి సాంబమూర్తి పెద్దబాపు తన ముందుగది తాళంచెవి దాని చేతికిచ్చాడు. గల్లీ మొత్తంలో చప్పుడు లేని గది అదొక్కటే. అది పోతే పరీక్ష పోయినట్టే.

ఆయన మంచివాడే. కాకపోతే ఒక్క అగ్గిపుల్లతో రెండు పొయ్యిలూ వెలగాలంటాడు. కాబట్టి ఆయన వాటాకు వచ్చిన మాట ‘పార్సిమోనియస్’. అంటే పరమ పిసినారి.

ఒకరోజు ఆయనే అడిగాడు. “అందరికి ఇంగ్లిష్ పేర్లు వెట్టినవట గదా బిడ్డా. నాకేం వెట్టినవ్?”

సుభాషిణి నోరు జారింది. “పార్సిమోనియస్, పెద్దబాపు.”

“అంటే?”

“అంటే... ప్రతి వస్తువు విలువ తెలిసిన పెద్దమనిషి అన్నట్టు.”

ఆయన మొహం వెలిగిపోయింది. ఆ మాటను మళ్లీ మళ్లీ పలికి చూసుకున్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది. మా దగ్గర వేడుకంటే చౌరస్తాలో ఫ్లెక్సీ ఉండాలి, ఫ్లెక్సీ అంటే పేరు ముందు బిరుదు ఉండాలి. ఆదివారం ఆయన షష్టిపూర్తి. శుక్రవారం సాయంత్రం కొత్త ఫ్లెక్సీ వాకిట్లో విప్పి మా అందరికీ చూపించాడు. చేతులు జోడించిన ఫొటో, కింద బంగారు రంగు అక్షరాలు: ‘పార్సిమోనియస్ సాంబమూర్తి గారికి షష్టిపూర్తి శుభాకాంక్షలు’.

సుభాషిణి నన్ను ఇంట్లోకి లాక్కొచ్చి అసలు అర్థం చెప్పింది. “భవానొదినె, నేను సచ్చిన. చెప్పకుంటే చౌరస్తల ఎవలో ఒకలు సదివి నవ్వుతరు. చెప్తే రూం పోతది.”

నాకు ఒళ్లు మండింది. “పెద్దమనిషి నగుబాటైతాండు, నువ్వు రూం గురించి ఏడుస్తానవా?” అని జబ్బ పట్టుకుని ఎదురింటికి తీసుకుపోయాను.

ఏడుస్తూనే అంతా చెప్పింది. తాళంచెవి తీసి ఆయన ముందు పెట్టింది. ఆయన మొహం చిన్నబోయింది. వంటింట్లోంచి ఆయన భార్య ఇందిరమ్మ పెద్దమ్మ మాత్రం పకపకా నవ్వింది. “ఇన్నేండ్లకు ఒక్కలన్న సరైన పేరు వెట్టిండ్రు!”

ఆయన్ని చూసి నాకు జాలేసింది.

“ఫ్లెక్సీ మార్పిద్దాం పెద్దబాపు,” అన్నాను.

ఆయన ఉలిక్కిపడ్డాడు. “మార్పిచ్చుడేంది? మంచిగున్న ఫ్లెక్సీ ఎవలన్న పారేస్తరా?”

ఎంత బిగబట్టినా నాకు నవ్వు ఆగలేదు. ఆయన మాట ఆయనకే వినపడినట్టుంది, మీసాల కింద ఆయనా నవ్వాడు. తాళంచెవిని సుభాషిణి వైపే జరిపాడు.

“పో, సదువుకో. నాకు పడ్డ పేరు పడ్డది. మీ పెద్దమ్మకు జర మంచి మాట దేవులాడు బిడ్డా. నా అసొంటోనితోని ఇన్నేండ్ల సంది ఏగుతాంది.”

పెద్దమ్మ నవ్వు ఆగిపోయింది. కొంగుతో కళ్లొత్తుకుంటూ పొయ్యివైపు తిరిగింది.

సుభాషిణి తనకొచ్చిన పెద్ద పెద్ద మాటలన్నీ తిరగేసుకుంటూ కాసేపు అక్కడే నిలబడింది. ఒక్కటీ సరిపోయినట్టు లేదు. వంటింట్లోకి వెళ్లి పెద్దమ్మను వెనక నుంచి గట్టిగా పట్టుకుంది.